బుడమేటి యొడ్డునుండి దివిసీమ దాక

అన్నదానము, వస్త్రదానము, జలదానము అను మాటలు మనకు చిన్ననాటనుండి పరిచితములే. పాదరక్షల దానమును గూర్చి మాత్రము మన యిండ్లలో ముచ్చటించుకొనుట యరుదు. అపరకర్మలయందు గొడుగును, చెప్పులను దానమిచ్చుట మనము చూచియే యుందుము. అది యెక్కడినుండి వచ్చినదో విచారించువారు కొలదిమంది.

మహాభారతమున ఆనుశాసనికపర్వమునందు భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన కథ యొకటి కలదు. జమదగ్ని మహర్షి వినోదార్థము బాణములు వేయుచుండగా భార్యయైన రేణుక వానిని ఏరి తెచ్చి యిచ్చుచుండెను. అది జ్యేష్ఠమాసము, మిట్టమధ్యాహ్నము. ఇసుక నిప్పువలె కాలుచుండెను. ఆమె యొక చెట్టునీడను క్షణకాలము నిలిచి ఆలస్యముగా వచ్చినది. భర్త కారణమడుగగా తలయు పాదములును కాలినవని చెప్పినది. మహర్షి కోపించి సూర్యునిపైననే బాణమెక్కుపెట్టెను. సూర్యుడు బ్రాహ్మణరూపమున వచ్చి వేడుకొని, తుదకు తలకొక గొడుగును, కాళ్ళకొక చెప్పులజతను ఇచ్చి పోయెను. ఆడుదాని కాళ్ళు కాలినందున లోకమునకు చెప్పులు వచ్చినవన్నమాట! ఈ కథను మా తండ్రిగారు మాకు చదివి చెప్పినప్పుడు మేము జమదగ్ని కోపమును తలచుకొని నవ్వుకొంటిమి. రేణుక పాదములను గూర్చి తలపోయుటకు మాకు 2024వ సంవత్సరపు వరదలు రావలసివచ్చెను.

సూర్యుడిచ్చినవి క్రొత్త చెప్పులు. వాడిన చెప్పుల సంగతి వేరు. వాడిన చీర నొకరికిచ్చిన సంతోషింతురు. వాడిన చెప్పులిచ్చిన చిన్నబుచ్చుకొందురు. చెప్పు చూపుట మనలో తిట్టుకంటె ఘోరమైన యవమానము. శనిదోషము తొలగునని గుడియొద్ద పాతచెప్పులు విడిచి వెనుకకు చూడకుండ వచ్చువారును కలరు. అట్టిచోట పదిమంది కాళ్ళు తొడిగిన చెప్పులను మూటగట్టి కష్టములోనున్నవారి గుమ్మమునకు కొనిపోవుట మర్యాదయగునా? ఆ సంవత్సరమున రెండు యాత్రలలో మాకెదురైన ప్రశ్న యిదియే.

మాది గుడివాడ. మావారు ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులు. 2024 ఆగస్టు 31వ తేదీన మొదలైన వాన మాకును కురిసెను గాని, విజయవాడమీద కురిసిన వాన వేరు. ఆ పట్టణమునకు కృష్ణ యొకవైపు, బుడమేరు మరియొకవైపు. కృష్ణ మహానది. పుష్కరములు, స్నానఘట్టములు, స్తోత్రములు ఆమెకు కలవు. బుడమేటి కేమియు లేవు. మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి, వంకరలు తిరుగుచు కొల్లేటిలో పడు వాగు అది. వేసవిలో దానిని దాటుటకు చీర కుచ్చెళ్ళెత్తుకొన నక్కరలేదు. వానలు ముదిరిన దినమున మాత్రము పట్టణమునే మ్రింగజూచును. అందుచేతనే దానిని బెజవాడ దుఃఖదాయిని యని చెప్పుకొందురు. దాని నీటిని కృష్ణలోనికి మళ్ళించుటకు కాలువ కలదు. ఆ కాలువగట్లు మూడుచోట్ల తెగినవి. అదే సమయమున కృష్ణయందు ప్రకాశము బ్యారేజీవద్ద పదునొకండు లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము, మునుపెన్నడు కనివిని యెరుగనిది, సాగుచుండెను. సింగునగరము, పాయకాపురము, రాజరాజేశ్వరిపేట మొదలగు పేటలలో జనులు రాత్రి పండుకొని తెల్లవారి లేచునప్పటికి మంచముక్రింద నీరు. అన్నపు పొట్లములను ఆకాశమార్గమున డ్రోనులతో జారవిడువవలసి వచ్చెను. సైనికులు వచ్చి గండ్లు పూడ్చిన పిదప గాని నీరు తీయలేదు.

వార్తలలో చూచిన చిత్రములలో మాకు మిక్కిలి తోచినది, జనులందరును వట్టికాళ్ళతో నుండుట. పట్టుచీర కట్టుకొన్న పెద్దింటి యిల్లాలును, ఆటో నడపువాడును, బడిపిల్లలును ఒకే తీరున నడుచుచుండిరి. కొంచె మాలోచించిన కారణము తెలియును. మన దేశమున చెప్పులు గుమ్మము వెలుపల విడుతుము. అందుచేత వరద యింటిలోనికి రాకముందే వానిని కొనిపోవును. ఇంటిలోని వస్తువులన్నింటికంటె ముందు పోవునవి చెప్పులే. వానిని గూర్చి యెవరును ఫిర్యాదు చేయరు. ఇల్లు పోయినవారు చెప్పులు పోయినవని చెప్పుకొందురా?

మావారి పాఠశాలలో పిల్లలకు ప్రభుత్వమువారు 2020వ సంవత్సరమునుండి పుస్తకములతోపాటు బూట్లను కూడ ఇచ్చుచున్నారు. పిల్లల కాళ్ళు ఏటేట పెరుగును. బూట్లు పెరుగవు. కనుక ప్రతి యింటను చాలక మిగిలిన జత యొకటి రెండు మూలబడి యుండును. మావారు తరగతిలో ఒక మాట చెప్పగా రెండు దినములలో మా వసారా నిండిపోయెను. మా వీధి స్త్రీలము నలుగురైదుగురము కూర్చుండి వేరుచేయ మొదలుపెట్టితిమి. అడుగు తొలగినవి, ఒంటి చెప్పులు, ఎత్తుమడమల పెండ్లి చెప్పులు ప్రక్కకు తీసితిమి. తక్కినవానిని సబ్బునీళ్ళతో కడిగి, రెండు దినము లెండలో నారబెట్టి, నాడలు క్రొత్తవి వేసి, జతజతకును ముడివేసితిమి. మావారు సుద్దముక్కతో అడుగున కొలతల అంకెలు వ్రాసిరి. మొత్తము నూటపదునెనిమిది జతలు తేలినవి.

అందొక జతను గూర్చి చెప్పవలెను. మా వీధి చివర నొక మామ్మగారు కలరు. తాతగారు పోయి నాలుగేండ్లయినది. ఆయన తోలుచెప్పులను ఆమె మంచముక్రింద దాచుకొని, నెలకొకమారు నూనెగుడ్డతో తుడుచుచుండెను. భరతుడు పాదుకలను పద్నాలుగేండ్లు పూజించినట్లే యనుకొనుడు. ఆ దినమున ఆమె వానిని కాగితములో చుట్టి తెచ్చి మా చేతిలో పెట్టినది. మేము వలదంటిమి. “ఉంచుకోండి మామ్మగారూ, ఆయన జ్ఞాపకం గదా” యంటిమి. “జ్ఞాపకానికి ఫొటో ఉంది. ఇవి నడవటానికి కుట్టినవి. ఎవరన్నా నడవనీ” అని ఆమె వెడలిపోయినది.

నీరు తీసిన పది దినములకు మేము సింగునగరము చేరితిమి. వరద పోవునప్పుడు వచ్చినప్పటికంటె వికారముగా నుండునని మాకప్పుడు తెలిసినది. గోడలపై మనిషి రొమ్మెత్తున, కొన్నియెడల తలయెత్తున, గీతగీసినట్లు మరక. వీధికిరుప్రక్కల పరుపులు, బీరువాలు, టీవీలు, పిల్లల పుస్తకములు గుట్టలు. అగ్నిమాపక యంత్రములు తెచ్చి యిండ్లు కడుగుచుండిరి. అంతటను నల్లని యొండ్రుమట్టి, దానిలో పగిలిన సీసాలు, రేకు ముక్కలు, మేకులు. ఆ మట్టిలో ఆడువారు వట్టికాళ్ళతో తిరుగుచు చీపుళ్ళతో ఊడ్చుచుండిరి. ఒకామె కాలివ్రేళ్ళ సందులు నాని తెల్లబారి విచ్చియుండెను. మరియొకామె అరికాలికి చీరపేలిక చుట్టుకొని, మడమపై కుంటుచుండెను.

అచటి వైద్యశిబిరములో నొక నర్సు చెప్పిన మాటలు మన మందరము జ్ఞాపకముంచుకొనదగినవి. వరదనీటిలో ఎలుకల మూత్రము కలియును. కాలిమీద చిన్న గీత యున్నను దానిగుండ ఎలుకజ్వరము ప్రవేశింపవచ్చును. మేకు గ్రుచ్చుకొన్నచో ధనుర్వాతపు భయము. మలినమైన మన్నులో నుండు కొంకిపురుగుల పిల్లలు అరికాలి చర్మమును తొలుచుకొని లోనికి పోయి, ప్రేగులలో చేరి రక్తమును పీల్చును. ఆ మనిషి నెలలు గడచిన పిదప పాలిపోయి నీరసించును. కారణ మెవరికిని తోచదు. “మేం సూది మందు వేస్తాం, మాత్రలిస్తాం. వాళ్ళు బయటికెళ్ళి మళ్ళీ అదే బురదలో వట్టికాళ్ళతో దిగుతారు. ముందు చెప్పులుంటే మా పని సగం తగ్గుతుంది” అని ఆమె యనెను.

మూటలను ఒక పాఠశాల వసారాలో విప్పితిమి. ఆ ముందటి దినమున ఎవరో లారీలో వచ్చి బట్టలను పైనుండి విసరి పోయిరని, జనులు వానిని తాకకుండ వదలివేసిరని తెలిసినది. అవి రోడ్డు ప్రక్కన తడిసి కంపుగొట్టుచుండెను. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ పిమ్మట నాగపట్నపు తీరమున జరిగినదియు నిదియే. దేశమంతటినుండి వచ్చిన పాతబట్టలు పుచ్చుకొనువారు లేక దారుల ప్రక్కన గుట్టలుపడినవి. ఢిల్లీలో 1999వ సంవత్సరమున అంశుగుప్తగారు స్థాపించిన గూంజ్ సంస్థవారు అట్టి బట్టలను చేకొని, ఏరి, ఉతికి, కుట్టి, పనికివచ్చు రూపమున మరల పంచిరి. ఆయనకు 2015వ సంవత్సరమున మెగసెసె పురస్కారము వచ్చినది. పాతవస్తువు దానమగునో చెత్తయగునో నడుమ చేయు పనినిబట్టి యుండునని వారి యనుభవము తెలుపుచున్నది.

మేము చాపలు పరచి, కొలతలవారీగా వరుసలు పేర్చి, ప్రతివారును తమకు నచ్చినది తామే యెంచుకొనునట్లు ఏర్పాటు చేసితిమి. దుకాణములో కూర్చుండి చూచినట్లు వారు చూడవలెనని మా కోరిక. పనులమీదనుండి రాలేనివారు పిల్లల కాలికొలత నూలుపోగుతో తీసి పంపిరి. ఒక బాలుడు నల్లబూట్లు వలదు, తెల్లవి కావలెనని పట్టుపట్టెను. తల్లి “వచ్చిందే గొప్ప, నోర్మూసుకుని తీసుకో” యని గద్దించెను. మావారు ఆమెను వారించి, మూట అడుగుననుండి తెల్లజత నొకదానిని వెదకి తీసిరి. వరద వచ్చినంతమాత్రమున పిల్లవానికి ఇష్టాయిష్టములు పోవునా?

ఇండ్లలో పాచిపని చేసికొను ఒకామె మాత్రము దూరముగా నిలిచి చూచుచుండెను. రమ్మనగా తల యడ్డముగా త్రిప్పినది. “ఒకళ్ళ చెప్పులు తొడుక్కుంటే వాళ్ళ కష్టాలు మనకొస్తాయంటారమ్మగారూ” అనినది. మే మేమి చెప్పుటకును తోచక యూరకుంటిమి. ప్రక్కనున్న యామె పొరుగింటి స్త్రీ ఫక్కున నవ్వి, “ఇంకా రావటానికి ఏం కష్టం మిగిలిందే నీకు? తొడుక్కో, వాళ్ళకేమన్నా సుఖాలుంటే అవే వస్తాయేమో!” అనినది. అచటనున్న వారందరును, ఆమెతో కూడ, నవ్విరి. అయినను ఆమె తీసికొనలేదు. మేమును బలవంతపెట్టలేదు. సాయంకాలమున ప్రక్క అంగడి తెరచుకొనగా, మావారు నూరు రూపాయలకు కొంచెము మించిన వెలతో క్రొత్త రబ్బరు చెప్పులజత నొకదానిని కొని పొరుగింటామె చేత పంపిరి. దానిని పుచ్చుకొన్నదని విన్నాము. ఆమె యభిమానము వరదకు కొట్టుకొనిపోలేదు. దానిని మాత్రము మనమేల తీసికొనవలెను?

తోలుచెప్పుల నా దినమున ఎవరును కోరలేదు. బురదలో తోలు నాని చెడునని వారికి తెలియును. రబ్బరువి, ప్లాస్టిక్కువి గడియలో చెల్లిపోయినవి. తుదకు తాతగారి జతను ఒక ముసలి ఆటో నడపువాడు తీసికొని, దుమ్ము దులిపి, బండిలో కూర్చుండి తొడిగి చూచుకొనెను. సరిపోయినవి.

ఇంకను నలుబదిజతలకు పైగా, విశేషముగా నాడలు కట్టుకొను బూట్లు, మిగిలినవి. కృష్ణవరద పట్టణముతో ఆగలేదు. క్రింద దివిసీమలో లంకగ్రామములను కూడ ముంచినది. అచటి పాఠశాలలో మావారి సహాధ్యాయి యొకరు పనిచేయుచుండిరి. కార్తికమాసమున సెలవు చూచుకొని ఆ మూటతో బయలుదేరితిమి.

గుడివాడనుండి పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా దివిసీమకు పోవు దారి తెలుగు సాహిత్యము చదువుకొన్నవారికి తీర్థయాత్రయే. కూచిపూడి భాగవతుల యూరు. దానికి దాపున మొవ్వ. ఆ యూరి గోపాలుని పేరనే క్షేత్రయ్య పదములు పలికినవి. కృష్ణయొడ్డున నున్న శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు కృష్ణదేవరాయలకు స్వప్నమున కనిపించి ఆముక్తమాల్యదను రచింపుమని యాదేశించెనట. చల్లపల్లి దాటగా మోపిదేవి. అచట సుబ్రహ్మణ్యేశ్వరుని లింగరూపమున గొలుతురు. సంతానము కోరు స్త్రీలు పుట్టలో పాలు పోయుదురు.

పుట్టను గొలుచు నీ సీమలో పాముల భయము కథ కాదు. 2018 ఆగస్టు మాసమున అవనిగడ్డ ప్రాంతమున పాముకాట్లు మితిమీరినవి. దినదినమును ఆసుపత్రికి కూలీలు వచ్చుచుండిరి. ఆ నెలాఖరున మోపిదేవిలో సర్పశాంతి హోమము కూడ చేయించిరి. నీరు పొంగినప్పుడు పాము తన కన్నమును విడిచి గట్టు చేరును. నాట్లు వేయు స్త్రీయు ఆ గట్టుమీదనే నడచును. కాట్లు మిక్కిలిగా పాదమునందును, పిక్కయందును పడును. పాదమును కప్పు బూటు ప్రతి కాటును ఆపజాలకపోయినను కొన్నింటి నాపగలదు. హోమము చేయించుటలో తప్పేమియు లేదు. ఒక జత బూట్లను కూడ ఆ హోమద్రవ్యములలో చేర్చిన బాగుండునని మాకు తోచినది.

పులిగడ్డవద్ద కృష్ణ పాయను దాటి దివిలో ప్రవేశించితిమి. కృష్ణ యిచట రెండు పాయలుగా చీలి, నడుమ నీ ద్వీపమును పెట్టుకొని, సముద్రమును చేరును. నేల చేతితో నద్దినట్లు చదునుగా నుండును. వరిచేలు, అరటితోటలు, చేపల చెరువులు. ఎత్తనున్నది గట్టు తప్ప వేరొకటి లేదు. అవనిగడ్డ సమీపమున, 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ శనివారమున వచ్చిన ఉప్పెన యెంతవరకు చొచ్చెనో ఆ హద్దున స్మారకస్తంభము నిలిపియున్నారు. సముద్రమచటినుండి కానరాదు, వినరాదు. అంతదూరము నీరు వచ్చినదని నమ్ముట కష్టము. రెండు నిలువులకు మించిన కెరటము చీకటిలో వచ్చినది. అధికారపు లెక్కలే చనిపోయినవారిని పదివేలకు దగ్గరగా చెప్పినవి. అంతకు మించియుందురని యచటివారందురు. నాగాయలంక దిక్కున సొర్లగొంది యను గ్రామము దాదాపు పూర్తిగా తుడిచిపెట్టుకొనిపోయినది. ఆనాటి మంత్రి, ఆ సీమవారేయైన మండలి వెంకటకృష్ణారావుగారు శవములు తొలగించుట మొదలు ఇండ్లు కట్టించుటవరకు పడిన పాట్లను ఇప్పటికిని అచట చెప్పుకొందురు.

నాగాయలంకలో మాకు ఆతిథ్యమిచ్చిన యింటివారి ప్రక్కనే చేపలమ్ముకొను నొక యామె కలదు. ఏబదియెనిమిదేండ్లది. ఉప్పెననాటి కామె పదునొకండేండ్ల బాలిక. మా మూటనుండి బూట్లు తీయుచుండగా వచ్చి చూచి, ఒకదానిని చేతబట్టుకొని చాలసేపు అటునిటు త్రిప్పినది. పిదప నామె చెప్పినదిది.

“ఆ రాత్రి మా నాన్న నన్ను తుమ్మచెట్టుకి కట్టేశాడమ్మా. ముళ్ళు ఒళ్ళంతా దిగబడ్డాయి. ఆ చెట్టే బతికించింది. తెల్లారి చూస్తే ఊరు లేదు. నాన్నా, నేనూ ఉన్నాం. అమ్మ లేదు. అమ్మని వెతుకుదామని నడిచాం. ఎక్కడ కాలు పెట్టినా ముళ్ళే, పెంకులే, చచ్చిన గొడ్లే. రెండో రోజుకి నా కాళ్ళు చీము పట్టాయి. నాన్న భుజాన వేసుకుని ఎంతదూరం మోస్తాడు? అవనిగడ్డలో బట్టలు పంచుతుంటే వెళ్ళాం. ఉన్ని కోట్లు ఇచ్చారు, మాకెందుకవి? ఒకాయన తన కాళ్ళనున్న బూట్లు విప్పి, లోపల గుడ్డలు కుక్కి నాకు తొడిగాడు. ఆయనెవరో, ఏ ఊరో తెలియదు. ఆయన వట్టికాళ్ళతో వెళ్ళిపోయాడు. ఆ బూట్లతో ఎనిమిది రోజులు తిరిగాం.”

మేము కొంచె మాగి, “అమ్మ దొరికిందా?” యని యడిగితిమి.

“లేదమ్మా” అనినది. “అయినా వెతికాం గదా. కాళ్ళు లేకపోతే వెతికామన్న తృప్తి కూడా ఉండకపోయేది.”

ఆమె కన్నీరు పెట్టలేదు. చేతిలోని బూటును జతప్రక్కన పెట్టి, నాడల ముడి సరిచేసి, చేపలతట్ట నెత్తుకొని వెడలినది. మేము మాత్రము చాలసేపు మాటలాడలేకపోతిమి. చెప్పులు సుఖమునకును, శుభ్రతకును, రోగరక్షకును అని మేము తలచుచుంటిమి. తనవారిని వెదకుకొను స్వాతంత్ర్యము కూడ ఆ తోలుముక్కలో నుండునని ఆమె చెప్పువరకు వినలేదు.

మరునాడు ఉదయమున మడయడవుల యంచునకు పోతిమి. ఉప్పునీటి బురదలో మడచెట్ల శ్వాసవేళ్ళు మేకులవలె పైకి లేచి, వేలకొలది నిలిచియుండును. నడుమ ఆల్చిప్పల యంచులు కత్తులు. అచట పీతలు పట్టువారిని చూచినప్పుడు సింగునగరములో మిగిలిన బూట్ల కర్థము తెలిసినది. ఆ బురదలో రబ్బరు చెప్పు దిగినచో మరల రాదు. కాలు మాత్రమే పైకి వచ్చును. అందుచేత వారికి నాడలతో బిగించుకొను పాతబూట్లే కావలెను. పట్టణమున చెల్లనివి ఇచట క్షణములో చెల్లినవి. నేలనుబట్టి చెప్పు. దానము చేయువారు ముందుగా ఆ నేలను చూచుట యవసరము.

ఆ మడయడవి యున్నందుననే ఉప్పెన వేగము కొన్నిచోట్ల తగ్గినదని యచటి పెద్దలు చెప్పిరి. దివిసీమ ఇప్పుడు 1977 నాటి దివిసీమ కాదు. స్తంభములపై నెత్తుగా కట్టిన తుపాను ఆశ్రయభవనములు కలవు. ముందుగా హెచ్చరికలు వచ్చును. మనుష్యులు దక్కుచున్నారు. కాని ఆశ్రయమునకు పరుగెత్తువారు గుమ్మమున చెప్పులు వెదకుకొనరు. తిరిగి వచ్చునప్పటికి అవి యుండవు. ఆ యొక్క విషయమున నేటికిని మార్పు రాలేదు.

సాయంకాలమున హంసలదీవి చేరి వేణుగోపాలస్వామిని సేవించి, సాగరసంగమమునకు పోతిమి. కృష్ణ సముద్రమున కలియుచోట నీటిరంగు రెండుగా కనబడును. తీరమున కెరటము త్రోసిన వస్తువులలో చెప్పులు మిక్కుటము. నీలిది, ఎఱ్ఱది, పసివాని పాదమంతది. అన్నియు ఒంటివే. అమెరికాలో వేన్ ఎల్సీ యను పాదరక్షల వర్తకుడు 2004 సునామీ వార్తలలో తీరమున కొట్టుకొని వచ్చిన యొంటిచెప్పును చూచి కదలి, బాధితులకు బూట్లు పంప మొదలిడెను. అదియే పిదప సోల్స్ ఫర్ సోల్స్ అను సంస్థగా పెరిగి పలుదేశములకు వ్యాపించినది. మన దేశమునను ముంబాయిలో ఇద్దరు పరుగుపందెపు యువకులు గ్రీన్‌సోల్ అను సంస్థను పెట్టి, అరిగిన ఆటబూట్లను విప్పి, వాని అడుగుతోనే క్రొత్త చెప్పులు కుట్టించి, వట్టికాళ్ళతో బడికి పోవు పిల్లలకు పంచుచున్నారు. ఒంటిచెప్పును చూచి ప్రక్కకు తన్నిపోవుటయు మన కాలితోనే, ఆగి నిలుచుటయు మన కాలితోనే.

సోదరీమణులారా! ఈ రెండు యాత్రలలో మేము గ్రహించిన కొలది విషయములను మీ ముందుంచి విరమింతుము. తెలుగుతీరమున ఆశ్వయుజ, కార్తిక మాసములు తుపానుల మాసములు. అంతకు ముందే, శ్రావణములో వ్రతములకు ఇల్లు సర్దుకొనునప్పుడే, మీ యింట చాలని చెప్పులను, బూట్లను తీసి చూడుడు. మీ పిల్లవానికి తొడుగుటకు మీకు మనసొప్పు జతనే యుంచుడు. ఒప్పనిది చెత్తబుట్టకు పోవలసినదే గాని బాధితునికి పోవలసినది కాదు. కడిగి, ఎండబెట్టి, జతగా ముడివేసి, కొలత వ్రాసి, అటుకమీద నొక సంచిలో పెట్టుడు. ఒక్క యింటి సంచి చిన్నదే. వీధిలోని పదియిండ్ల సంచులు ఒక ఆటోబండి యగును. సమీపమున ఆపద వచ్చినప్పుడు ముందుగా నొకరిని పంపి, అచటి నేల యెట్టిదో, ఎవరి కేమి కావలెనో యడిగించి, పిదప మూట విప్పుడు. దూరదేశమున వచ్చినదేని పాతచెప్పులను పంపకుడు. లారీ బాడుగ చెప్పుల వెలను మించును. ఆ పైకమునే పంపినచో వారు తమ యూరి అంగడిలో కొనుక్కొందురు. మునిగిన అంగడివానికిని నాలుగు డబ్బులు చేరును. ఇచ్చునప్పుడు విసరక, వరుసగా పేర్చి, ఎంచుకొననిండు. వలదన్నవారిని వలదననిండు.

మా వసారాలో ఇప్పుడును ఒక సంచి యున్నది. మా వీధి మామ్మగారు వచ్చినప్పుడెల్ల దానిని విప్పి, నాడలు సరిగా నున్నవో లేవో చూచి, మరల కట్టి పోవుచుందురు.